చంద్రిని తీసుకుని హిమాయత్ సాగర్‌కు

మూడు రోజులుగా ముసురు... యాకుత్‌పురాలో మా గల్లీ నిండా పేడనీళ్లు. అమ్మ తెల్లారకముందే పాలు పిండేది. బాపు సైకిల్ మీద ఇళ్లకు పోసి వచ్చేవాడు. నేను, చెల్లె తట్టలతో పేడ ఎత్తేవాళ్లం. మా చిన్నప్పుడు వానాకాలమంటే ఇదే...

ఆ ఏడు రెండు సంగతులు ఒకేసారి వచ్చాయి. బర్రెలను కట్టే కొట్టం, అదే మా తబేలా, ఉన్న స్థలం యజమాని దసరాకల్లా బర్రెలను తీసేయమన్నాడు. అమ్మ వేళ్ల కీళ్లు వాచిపోతే, ఇక పాలు పిండొద్దని డాక్టర్ చెప్పాడు.

మావి మూడు బర్రెలు. రెండు వట్టిపోయి ఉన్నాయి. పాలిచ్చేది చంద్రి ఒక్కతే... దూడ చచ్చినప్పటి నుంచి అది అమ్మ చేయి తగిలితేనే చేపేది. ఇంకెవరు కూర్చున్నా ఒక్క చుక్క వదిలేది కాదు.

బాపుకు గడ్డి అమ్మే ఖాజా భాయ్‌కి హిమాయత్ సాగర్ ఒడ్డున పొలం ఉంది. పాక వేసుకోవడానికి చోటిస్తానన్నాడు. బాపు గడ్డి వ్యాన్ అడిగి తెచ్చాడు. వట్టి బర్రెలను బాబాయికి అప్పగించి, చంద్రిని వెనక, మమ్మల్ని ముందు ఎక్కించాడు.

"నాలుగు దినాలు హవా మారుతది. నువ్వు ఒక్క పని ముట్టకు" అన్నాడు అమ్మతో. "చంద్రి నా చేతికి సేపిందనుకో, మూడింటినీ గా పొలంకాడికే తోలుత. లేకుంటే అమ్ముడే."

పొలంలో చంద్రిని దించి, వ్యాన్ కడిగి, మేం పడుకోవడానికి అందులోనే గడ్డి పరిచి, పైన చాపలు వేశాం. టార్పాలిన్ మీద వాన చప్పుడు... ఎదురుగా నీళ్లు. బాపే వండాడు. అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె ఊరికే కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

పొద్దున చంద్రి దగ్గర నుంచి బాపు ఖాళీ బకెట్‌తో లేచేవాడు. తర్వాత మమ్మల్ని అదే బండిలో తిప్పేవాడు... ఒకరోజు కట్ట మీదికి, ఒకరోజు అవతలి ఊరి జామతోటకు. అమ్మ కాయ పట్టుకోలేకపోతే చెల్లె కొరికి ముక్కలు నోట్లో పెట్టింది.

మూడో రోజు బాపు అమ్మ చీర కట్టుకుని, కొంగు నెత్తిన వేసుకుని పిండడానికి కూర్చున్నాడు. ఖాజా భాయ్ గడ్డిమోపు కింద పడేశాడు.

"అరే వా, మల్లేష్ భాయ్! మీసం కనవడ్తుంది, గది గూడ కప్పుకో!"

"నవ్వకు భాయ్, అది బెదురుతది."

చంద్రి చీర వాసన చూసింది. బకెట్‌ను ఒక్క తాపు తన్నింది. అమ్మ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

నాలుగో రోజు పొద్దున చంద్రి పొదుగు రాయిలా అయింది. మేత ముట్టలేదు. అమ్మ ఎవరికీ చెప్పకుండా బండి దిగి వెళ్లి కూర్చుంది. చేయి పెట్టగానే చేపింది... బకెట్ నిండి నురగ పొర్లింది.

ఖాజా భాయ్ చాయ్ ఇస్తే, గ్లాసు అమ్మ చేతిలో నిలవలేదు. కాళ్ల మీద ఒలికింది.

బాపు గ్లాసు తీసి పక్కన పెట్టాడు. "పోదాం. సామాను కట్టుండ్రి."

"నేను పిండుత గద. ఇన్నేండ్లు పిండలేదా?"

"నీ చేతులు జూడు."

"చేతులదేముంది... చంద్రి ఒక్కటి ఉండనీ."

బాపు టార్పాలిన్ విప్పసాగాడు.

ఇన్నేళ్లకు మొన్న ఎవరో ఫోన్‌లో ఫోటోలు పెట్టారు. హిమాయత్ సాగర్ వైపే నీళ్ల పక్కన, లోపలే పడకలూ పొయ్యీ ఉన్న బండ్లు అద్దెకిస్తున్నారట. ఖాజా భాయ్ పొలం ఎక్కడో గుర్తుపట్టడానికి చూశాను. తెలియలేదు. అమ్మ వేళ్లు మళ్లీ చక్కబడలేదు. బాపు తర్వాత చాలా పనులు చేశాడు, ఏదీ నిలవలేదు... ఒక్క చేతికే చేపే బర్రె మీ ఇళ్లలోనూ ఉండేదా? దాన్ని ఏం చేశారో రాయండి.

ఆ ఏడు దసరాకు ముందు సోమవారం పొద్దున చంద్రి పోయింది. అమ్మ పాలు పిండాకే కొన్నవాళ్లు తోలుకెళ్లారు. బుధవారం మిగిలిన రెండూ పోయాయి. శుక్రవారం మేం సంతోష్‌నగర్‌లో అద్దె గదికి వెళ్లిపోయాం.