ఏ వాడది ఆ వాడకే

నా చిన్నప్పుడు మా తాత చేతిరాతతోని ఒక కాగితం ఉండేది. దాన్ని నమ్ముకొని ఆయన ఒక ఆడమనిషిని కాపాడబోయిండు. ఆ కాగితమే ఆమెను పట్టిచ్చింది. పెద్దయినంక నేను ముప్పై ఏండ్లు జగిత్యాల కాలేజీల అమెరికా రాజ్యాంగం చెప్పిన. పదమూడు రాష్ట్రాలు కూడి పైన ఒక సర్కారును పెట్టుకున్నయి, దానికి రాసిచ్చినయి ఇన్నే, రాసియ్యనియన్నీ రాష్ట్రాలకు, ప్రజలకే అని చెప్తుంటే పిల్లలు ఆవులించేటోళ్లు. నాకు మాత్రం ఆ కాగితమే యాదికొచ్చేది.

మా ఊరు రుద్రంగి అవతల. నాలుగు వాడలు, ఒకటే కాలువ. నీళ్లకాడ తలకాయలు పగులుతుంటే మా తాత నాలుగు వాడల పెద్దలను కూసోబెట్టి ఒప్పందం రాసిండు. అందరు కలిసి తీర్పు చెప్పేటియి మూడే: కాలువ నీళ్లు, పొలంగట్ల తగాదాలు, చేన్ల పడ్డ గొడ్లను కట్టేసే బందెలదొడ్డి. ఆఖరుకు, మిగిలిందంత ఏ వాడది ఆ వాడకే అని రాసి పెద్దలతోని ఏలిముద్రలు వేయించిండు. అబద్ధమెందుకు, ఆ తర్వాత మా ఊర్ల నీళ్ల కొట్లాట లేదు. తాత దాన్ని దూలం సందుల చెక్కి, వచ్చినోళ్లకల్లా తీసి చూపేటోడు.

మా పక్కింటి అక్క పెనిమిటి మరమగ్గాల పనికి భీవండికి పోయి మళ్ల రాలేదు. ఒక్కతే బీడీలు చేసుకుంట బతికేది. నాకు జడలేసేది, తునికాకు కత్తిరించుడు నేర్పింది. పిల్లలు కనబడితే ఊకునేది కాదు, దగ్గరికి తీసుకునేది. ఆ గుణమే ఆమె మీదికి వచ్చింది. అవతలి వాడ పెద్దమనిషి మనుమడు జ్వరమొచ్చి సచ్చిపోయిండు. అంతకు రెండు రోజుల ముందు అక్క వాని తల నిమిరిందట. ఇగ మంత్రాలు చేసిందన్నరు. మంత్రం పలకకుండ నోట్లె పండ్లు పీకాలన్నరు.

పొద్దుగాల నాలుగు వాడల పెద్దలు చావడి కాడ కూసున్నరు. అక్కను నడుమల నిలబెట్టిండ్రు. మా తాత కాగితం తెరిచి మూడు ముచ్చట్లు చదివిండు. నీళ్లకు మీరు పెద్దలు, గట్లకు మీరు పెద్దలు, బందెలదొడ్డికి మీరు పెద్దలు, మనిషి నోటి మీద మీకు అధికారం రాసిచ్చినోడు ఎవడని అడిగిండు. వాళ్ల ఏలిముద్రలు వాళ్లకే చూపిచ్చిండు. దస్తీలు దులుపుకొని లేచి పోయిండ్రు. అక్క తాత కాళ్ల మీద పడ్డది. నేనైతే గాలిల తేలిన.

మా అవ్వ ఒక్కతే ఖుషీ కాలేదు. గీ పిల్లను ఇయ్యాల్టికియ్యాల కోరుట్లకు, తల్లిగారింటికి తోలమన్నది. తాత నవ్విండు. ఎందుకే, ఇగ ఉండేది మనోళ్ల నడుమనే గదా అన్నడు.

మూడో రోజు మా వాడల ఇంకో పిల్లకు జ్వరం తగిలింది. మా వాడోళ్లే, అక్కతోని వావివరుసలు పెట్టి పిలిచేటోళ్లే, పట్టపగలు ఆమెను వాకిట్లకు గుంజుకొచ్చిండ్రు. తాత కాగితం పట్టుకొని ఉరికిండు. మా బాబాయి వరసాయన మర్యాదగనే చెప్పిండు: "కాకా, నువ్వు రాసిందేనాయె. ఏ వాడది ఆ వాడకే." తాత ఆ కాగితాన్ని కిందికి మీదికి చూసిండు. వాళ్లను ఆపే మాట అండ్ల ఒక్కటి లేదు. మీద పడి ఆపబోతే పక్కకు నూకిండ్రు. పటకారుతోని అక్క ముందు పండ్లు నాలుగు పీకిండ్రు. ఆ అరుపు నాకిప్పటికీ వినబడుతది, చెప్పుడు నాతోని కాదు.

పోలీసులు వచ్చిండ్రు. చూసినోళ్లల్ల నోరు తెరిచింది మా తాత ఒక్కడే. కేసు నిలవలేదు.

ఆ తర్వాత తాత ఎనిమిది రోజులు నాలుగు వాడలు తిరిగి, తిట్లు తిని, కాగితం అడుగున ఒక షరతు రాయించిండు. ఒక్క వాడకు గాని, నాలుగు వాడలకు గాని, మనిషి ఒంటి మీద చెయ్యి వేసే అధికారం లేదు అని. మొదటి ఏలిముద్ర అక్కదే ఉండాలని, నన్ను ఎంటబెట్టుకొని బస్సుల కోరుట్లకు పోయిండు. అక్క తల్లిగారింటి అరుగు మీద కొంగుతోని నోరు కప్పుకొని బీడీలు చుడుతున్నది. తాత చదివి వినిపించి సిరా డబ్బ తెరిచిండు. అక్క చెయ్యి ఆపకుంటనే అన్నది: "గిది మొన్ననే రాస్తే ఏం పోతుండె, పెద్దయ్యా?"

ఏలిముద్ర వెయ్యలేదు. తాత డబ్బ మూసిండు. బస్సుల ఊరొచ్చేదాక ఏడ్చిండు. మగోడు ఏడ్వంగ చూసుడు నాకదే మొదలు.

పాఠంల నేను ఈ కథ చెప్పలేదు. అమెరికాల గూడ ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానికే అన్న మాట చాటుకు మనుషులను గొడ్ల లెక్క అమ్ముకున్నరు, యుద్ధమై లక్షల మంది సచ్చినంకనే ఏ రాష్ట్రం గూడ మనిషి హక్కు గుంజుకోవద్దన్న షరతు రాసుకున్నరు అని మాత్రం చెప్పేదాన్ని. తాత రాసింది తప్పు కాదు. పైనోని చేతులు కట్టేసిండు, పక్కోని చేతులు మరిచిండు. మనోళ్లే గదా అనుకున్నడు.

మొన్న మా కాలనీ కమిటీ వాళ్లు నియమాల కాగితం పట్టుకొని ఇంటికొచ్చిండ్రు. ఎవరికి నీళ్లు బంద్ పెట్టాలె, ఎవరిని ఖాళీ చేయించాలె, అన్నీ రాసుకున్నరు. ఏ మనిషికి ఏం చేయొద్దో ఎక్కడ లేదు. ముందు అది రాయుండ్రి అన్న. "మేడం, మనోళ్లమే గదా, సంతకం పెట్టుండ్రి, అది తర్వాత రాసుకుందాం" అన్నరు. నేను పెన్ను మూసి కాగితం వాపసిచ్చిన.