సైకిల్ దారికి జొన్నల కాపలా

కరీంనగర్‌లో సైకిళ్లకు వేరే దారి వేశారని విని చూడబోయేవారు ఉంటారు. వారి కోసం ఇది రాస్తున్నాను. నేనైతే సరదాకు పోలేదు. ఆ దారి దగ్గరే నా మనుమరాలు లావణ్యను ఆటో గుద్దింది. మోకాళ్లు చెక్కుకుపోయాయి, ఎముకలు మాత్రం విరగలేదు. వారంలో సైకిల్ అమ్మేస్తానని అల్లుడు అన్నాడట. రోజూ ఆటోలో పంపే స్థోమత బట్టల దుకాణంలో పనిచేసేవాడికి లేదు. సైకిల్ పోతే పిల్ల నర్సింగ్ చదువు పోయినట్టే. ఆ మాట విన్న మర్నాడే బయలుదేరాను.

బోథ్‌లో పొద్దున ఆరింటికి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ ఇచ్చారు. వెంట తెచ్చిన జొన్నల బస్తాకు మాత్రం లగేజీ టికెట్ కొట్టారు. మనిషికి లేని ధర గింజకుందని అక్కడే తెలిసింది.

నిర్మల్‌లో బస్సు మారాలి. అక్కడ తిన్న ఉప్మాలో ఉప్పు లేదు. హోటలాయనకు చెబితే రేపు వేస్తానన్నాడు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, బోర్డు కనిపిస్తే పైకి చదవకుండా ఉండలేను. పక్క సీట్లో మెట్‌పల్లి ఫాతిమాబీ జరసేపు ఓర్చుకుని, నిద్ర పట్టనియ్యవా అక్కా అంది. సైకిల్ దారి సంగతి అడిగాను.

"మస్తుంటది. మా పిల్లలు పోయి ఫోటో దిగిన్రు. సైకిలైతే యాడ కనబడలే."

కోరుట్ల దాటాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. డ్రైవరు బస్సును మెల్లగా అవతలికి తిప్పాడు. ఎదురొచ్చే లారీ ఆగి దారిచ్చింది. ఒక్కరూ గొణగలేదు.

మధ్యాహ్నం రెండింటికి దిగి, బస్తాను బిడ్డ పద్మ ఇంట్లో పడేసి, ఆ దారి చూడబోయాను. పచ్చరంగు వేసి, మీద తెల్లగా సైకిల్ బొమ్మ గీశారు. బొమ్మ ముందు చక్రం మీద కారుంది, వెనుక చక్రం మీద మిర్చిబండి ఉంది. మూలమలుపులో గుంజలు పాతి ఫ్లెక్సీ కట్టారు: సైకిల్ తొక్కుదాం, ఆరోగ్యంగా ఉందాం. దాన్ని తప్పించుకోవాలంటే ఆటోల మధ్యకు రావాలి. లావణ్య అలాగే వచ్చింది. రాసి ఉన్నది నమ్మే అలవాటు నాకింకా పోలేదు. రాయించినవారికి ఎప్పుడో పోయినట్టుంది.

సాయంత్రం అల్లుడితో మాట్లాడాను. "పిల్ల బతికుంటే చాలు అత్తమ్మా," అన్నాడు. తప్పనలేకపోయాను. వానకు జొన్నలు తడిశాయి, అవి ఎండేదాకా సైకిల్ అమ్మొద్దన్నాను. రెంటికీ ఏం సంబంధమని అడిగాడు. పొద్దున వచ్చి చూడమన్నాను.

తెల్లవారి కార్లు రాకముందే ఆ మలుపు దగ్గర రంగు అంచున రాళ్లు పేర్చాను. రాళ్ల లోపల పట్టా పరిచి జొన్నలు సన్నగా ఆరబోశాను. ఫ్లెక్సీ గుంజల దగ్గర రాళ్లనూ జొన్నలనూ కాస్త రోడ్డు మీదికి జరిపాను. కాలిబాట వైపు, గుంజలను చుట్టి పోయేలా, ఒక సైకిల్ పట్టేంత సందు వదిలాను. పద్మకు సిగ్గేసింది.

"గిది బోథ్ కాదవ్వా. నవ్వుతరు."

"నవ్వనియ్యి. నవ్వెటోడు జర చూసి నడుపుతడు."

అలాగే జరిగింది. రంగు మీదికి ఎక్కే ఆటోలు జొన్నలను చూసి జరిగి పోయాయి. ఒకాయన ఆపి, గింజలు మంచిగున్నయి, ఏ ఊరని అడిగాడు. ఊరు తర్వాత చెబుతాను, రోజూ ఈ రంగు మీద తోలేవాడివి ఇవాళ ఎందుకు జరిగావన్నాను.

"గింజల మీదికెల్లి ఎట్ల పోతమవ్వా? పాపం తగుల్తది."

"మొన్న ఈడ పిల్లను గుద్దిన్రు. గప్పుడు తగల్లేదా పాపం?"

ఆయన ఊరి పేరు మళ్లీ అడగలేదు. ఆ సందులో లావణ్య గంట కొట్టుకుంటూ పోయింది. వెనకే పాలాయన, ఇద్దరు బడిపిల్లలు పోయారు. అల్లుడు చాయ్ గ్లాసు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. చాయ్ చల్లారిపోయింది.

పదింటికి ఖాకీ చొక్కా మనిషి వచ్చాడు.

"అమ్మా, గిది సైకిళ్ల తొవ్వ. గింజలు తియ్యి."

ఆ మాట వినడం ఆ దారికే మొదటిసారి అయి ఉంటుంది. ఫ్లెక్సీ చూపించాను. పైనోళ్లు పెట్టిందన్నాడు. జొన్నలు కూడా ఇంటి పెద్దే పెట్టిందన్నాను. సాయంత్రానికి తీయాలని గట్టిగా చెప్పి, పచ్చరంగు మీద ఆపిన తన మోటార్ సైకిల్ తీసుకుని పోయాడు. సాయంత్రం ఎత్తాం. తెల్లవారి మళ్లీ పరిచాం.

మూడో రోజు తిరుగు బస్సెక్కాను. జొన్నలు వండొద్దని పద్మకు చెప్పాను. జగిత్యాల దాటాక బస్సు మళ్లీ వడ్లకు జరుగుతుండగా పద్మ ఫోన్ చేసింది.

"జొన్నలు ఎండినయా అని నీ అల్లుడు అడిగిండు అవ్వా. పచ్చిగనే ఉన్నయన్న."

కిటికీలోంచి వడగాలి కొడుతోంది. ఆయనేమన్నాడని అడిగాను.

"ఒక గింజ కొరికి చూసిండు. అవును, పచ్చిగనే ఉన్నయన్నడు."

కరీంనగర్ సైకిల్ దారి బాగుంది. చూడదలచినవారు జొన్నలు ఎండకముందే పోయి రండి.