గులాబ్‌బీ పట్టని చెయ్యి

మోత్కూర్‌లో గులాబ్‌బీ చేత గాజులు తొడిగించుకోని ఆడమనిషి లేదని పేరు. కానీ ఒకామె ఉంది, వెనక వీధి నర్సింగమ్మ. ఆమె చేతుల నిండా బొల్లి మచ్చలు. పెళ్లి వచ్చినా పండుగ వచ్చినా అందరి చేతులూ మెత్తగా నొక్కి గాజులెక్కించే గులాబ్‌బీ, నర్సింగమ్మ వంతు రాగానే గాజులు చాప మీద పెట్టి, "నువ్వే తొడుక్కో అక్కా, నీ చెయ్యి సన్నమే గదా" అనేది. ఏం తెలివి! నర్సింగమ్మ తల వంచుకుని, చేతికి సబ్బు రాసుకుని, నలుగురిలో తనే ఎక్కించుకునేది.

గులాబ్‌బీ లెక్కలో రోగాలు రెండే రకాలు: పైకి కనబడేవి, కనబడనివి. కనబడేవన్నీ అంటుకునేవే. ఈ వైద్యం ఆమెకు ఎవరు నేర్పారో గానీ, ఏళ్ల తరబడి దాన్నే పట్టుకుని కూర్చుంది.

మొన్న ఎండాకాలం ఆమె బొటనవేలి మొదట్లోనే తెల్లమచ్చ లేచింది. గోరింటాకు పెట్టి దాచింది. మచ్చ పెరిగింది. నలుగురి కంట పడితే ఇక ఎవరూ చెయ్యి ఇవ్వరు, బతుకుదెరువే పోతుందన్న భయంతో నల్లగొండ దవాఖానకు వెళ్లింది.

"నర్సింగమ్మ నుంచే అంటింది డాక్టరమ్మా. నేనైతే ఆమెను ఒక్కనాడు గూడ ముట్టలే!"

"ముట్టకుంటే ఎట్ల అంటింది మరి?"

గులాబ్‌బీ బొటనవేలిని కొంగు కింద దాచుకోబోతే, డాక్టరమ్మ ఆ చేతిని ముందుకు లాక్కుంది.

"అన్ని రోగాలు ఒక్క తీరు గావమ్మా. గజ్జి, టీబీ క్రిములతోటి వస్తయి, అంటుకుంటయి. ఫ్లోరైడ్ నీళ్లకు కాళ్లు వంకరపోయినోళ్లను ముట్టుకుంటే నీ కాళ్లు వంకరపోతయా? బొల్లి గూడ అంటుకునేది గాదు. ఎవరి ఒంట్లది వాళ్ల ఒంట్లనే పుడతది."

బతుకుదెరువు నిలిచిందన్న సంతోషం బస్సెక్కేదాకా కూడా లేదు. నర్సింగమ్మ మొగుడు గాలయ్య గుర్తొచ్చాడు. కాపురం చేసినన్నాళ్లూ ఆ చేతి వంటే తిన్నాడు. ఆయనకు ఒక్క మచ్చ రాలేదు. కళ్లెదుట ఉన్నదాన్ని చూడలేకపోయినందుకు గులాబ్‌బీ సిగ్గుతో చచ్చిపోయింది. ఆ గాలయ్య పోయి ఏడాదైంది.

బస్సు దిగి తిన్నగా నర్సింగమ్మ ఇంటికే వెళ్లింది. వాకిట్లో కూర్చున్న ఆమె చెయ్యి గబుక్కున పట్టుకుంది.

"తప్పయింది అక్కా. ఇది అంటేది గాదంట. ఇన్నేండ్లు నిన్ను నలుగుట్ల చిన్నజేసిన."

నర్సింగమ్మ తన మణికట్టు వంక చూసుకుంది.

"ఇప్పుడా, గులాబ్‌బీ, పట్టేది? గాజులు పలగ్గొట్టిరి గదనే."

గులాబ్‌బీ వేళ్లు అలవాటు కొద్దీ ఆ బోసి చేతిని, గాజెక్కించేటప్పటిలాగే, మెత్తగా నొక్కుతూ ఉన్నాయి.