పూలు తాగిన నీళ్ళు

తిరుచానూరులో పొద్దు పూలలోంచే లేస్తుంది. అమ్మవారి గుడికి పోయే వీధిలో, లాడ్జీల గోడవారన, పద్నాలుగు మంది ఆడవాళ్ళు గోనెపట్టాలు పరుచుకుని కూర్చుంటారు. అందులో ఏడో గంప తిరుమలమ్మది. ఇరవై రెండేళ్ళుగా ఆమె వేళ్ళు మొగ్గనీ నారనీ కలుపుతూనే ఉన్నాయి. జనాన్ని చూస్తూ కడుతుంది, కునుకు తీస్తూ కడుతుంది, ముడి మాత్రం తప్పదు.

పక్కన ఒక చిన్న బకెట్టు. అప్పుడప్పుడూ అందులో చెయ్యి ముంచి పూలమీద చిలకరిస్తుంది. ఎండ నడినెత్తికెక్కినప్పుడు కనకాంబరాలు చల్లగా ఊపిరి తీసుకుంటాయి. తిరుమలమ్మ పెదవులు బీటలు వారి ఉంటాయి. తెల్లవారి తాగిన కాఫీ తప్ప, పొద్దుగూకి ఇల్లు చేరేదాకా ఆమె గొంతులోకి చుక్క దిగదు.

అది నోము కాదు. తాగితే పోవాలి. ఎక్కడికి? బాత్రూములు లేవని కాదు, వీధి ఆ చివర ఉన్నాయి, యాత్రికుల వరస దాటుకుని. పోయి రావాలంటే అరగంట. పోయొచ్చిన ఒంటితో అమ్మవారి పూలు ముట్టరాదు. కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి, నెత్తిన నీళ్ళు చల్లుకోవాలి. అంతసేపూ గంప దిక్కులేనిదైపోతుంది, బేరాలు పక్కకు జారుకుంటాయి. అందుకే ఆ వీధిలో కొత్తగా గంప దించిన పిల్లకి ముడి వేయడం కంటే ముందు నేర్పే విద్య ఒకటుంది: దాహాన్ని నాలుక కింద దాచుకోవడం.

ఆ విద్య ఆమె నడుములో రాళ్ళయింది. ఒంటికి పోతే మంట, ఆ వెనకే చలిజ్వరం. ఏడాదిలో మూడోసారి ఆసుపత్రికి పోయినప్పుడు డాక్టరమ్మ మాత్రలు రాసి, పెన్ను పక్కన పెట్టింది.

"ఎన్నిసార్లని మందులిచ్చేదమ్మా? ఒళ్ళు ఇట్లా ఎండబెట్టుకుంటే కిడ్నీలే పోతాయి. రోజుకు మూడు లీటర్ల నీళ్ళు తాగాల్సిందే."

తిరుమలమ్మ సరేనంది. తాగి యాడికి పోయేదని అడగలేదు. బయట ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు.

ఆమెకున్నది ఒక్కతే కూతురు, పూజిత. శ్రీసిటీలో ఫ్యాక్టరీ పని. తెల్లారకముందే బస్సెక్కే ఆ పిల్ల, మర్నాటి నుంచి రెండు లీటర్ల బాటిలు నింపి, దానిమీద మార్కరుతో గీతలు గీసి పెట్టడం మొదలుపెట్టింది.

"ఇది పది గంటల గీత. ఇది పన్నెండుది. సాయంత్రం ఖాళీ బాటిలు సూపించాల, మా."

"నువ్వు నాకు అమ్మవా, నేను నీకు అమ్మనా?"

"బాటిలు సూసినాక చెప్తా."

ప్రతి సాయంత్రం బాటిలు ఖాళీగానే వచ్చేది. పూజిత దాన్ని లైటుకెత్తి చూసి, వాళ్ళమ్మ బుగ్గ గిల్లేది. ఆ గిల్లుడుకు తిరుమలమ్మ లోపల ఏదో కుంచించుకుపోయేది. పది గంటల గీతదాకా మల్లెలు తాగాయి. పన్నెండు గీత కనకాంబరాలు తాగాయి. అడుగున మిగిలింది మరువం తాగింది.

పదిరోజులకు ఆ దొంగతనాన్ని పూలే పట్టిచ్చాయి. పక్క గంప రంగనాయకమ్మ ఒక మల్లెమూర ఎత్తి చూసింది. అరవై దాటిన మనిషి. ఆ వీధిలో అందరికంటే ముందు గంప దించింది ఆమే.

"ఏందిమే తిరుమలా, నీ పూలకి జలుబు జేసినట్టుండాది? నీళ్ళెక్కువైతే మల్లె నల్లబడతాదని నీకు నేను జెప్పాల్నా?"

తిరుమలమ్మ వేళ్ళు ఆగిపోయాయి. "పాప ఇచ్చిన నీళ్ళక్కా. తాగలేను. మట్టిలో పారబోసేకి మనసొప్పలేదు."

రంగనాయకమ్మ గొంతు తగ్గించింది. "నా కోడలు దినామూ చెంబుడు మజ్జిగ ఇచ్చి పంపిస్తాది. ఈ వీధిలో ఆ నల్లకుక్క అంత నున్నగా ఎందుకుండాదనుకున్నావ్?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే తిరుమలమ్మ నడుము పట్టుకుని ముందుకు వాలిపోయింది. కడుతున్న దండ ఒళ్ళోంచి జారింది.

వెనక లాడ్జీ మెట్లు తుడుస్తున్న గ్రేసీ పరుగెత్తుకొచ్చింది. గదులు కడిగే పని ఆమెది. విషయం విని చీపురు గోడకానించింది.

"పదకొండుకి మొదటి అంతస్తు గదులు ఖాళీ అయితాయి అక్కా. నేను కడిగేలోపల బిన్న, ఐదు నిమిషాల్లో వచ్చి పో."

"మరి పూలు?"

"వచ్చి కాళ్ళు కడుక్కో, నీళ్ళు నేను పోస్తా," అంది రంగనాయకమ్మ. "అమ్మవారు మాత్రం ఆడది గాదా? ఆయమ్మకి తెలీదా?"

ఆరోజు తిరుమలమ్మ పది గంటల గీతదాకా తానే తాగింది. నీళ్ళు గొంతు దిగుతుంటే, ఎండిన చెరువులోకి తొలి వాన చప్పుడు లేకుండా వచ్చినట్టుంది. నాలుగు రోజులు అట్లా గడిచాయి. మంట కాస్త తగ్గింది.

ఐదోరోజు ఆమె మెట్లు దిగుతుండగా కింద కౌంటరు దగ్గర మేనేజరు చక్రధర్ గొంతు వినిపించింది.

"గదులు వీధిలోవాళ్ళకి తెరిచిపెట్టేకా నిన్ను పనిలో పెట్టుకునింది? రేపట్నుంచి రావద్దు!"

గ్రేసీ తల వంచుకుని చీపురు పుల్లలు సర్దుతోంది. గదికోసం వచ్చిన యాత్రికులు ఐదారుగురు సూట్‌కేసులతో చూస్తున్నారు. ఆ గుంపులోంచి తిరుమలమ్మ కళ్ళబడకుండా జారిపోవచ్చు. మొగుడు బతికున్నన్నాళ్ళూ అతనికి సైతం ఆమె నడుం నొప్పి అనే చెప్పింది, అంతకుమించి మాట పెగల్లేదు. ఇప్పుడు కౌంటరు ముందుకు నడిచింది.

"గ్రేసీ తప్పేం లేదు సార్. అక్కర నాది. నాకు ఒంటికి పోవాల్సొచ్చింది."

చక్రధర్ చటుక్కున కంప్యూటరు వైపు తిరిగాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"కిడ్నీల్లో రాళ్ళుండాయి. నీళ్ళు తాగమన్నారు. తాగితే పోవాల గదా సార్? ఇరవై రెండేండ్లుగా మీ గోడకే ఆనుకోని కూర్చోనుండా. యాడికి పోవాల్నో మీరే చెప్పండి."

ఫ్యాను తిరుగుతోంది. చక్రధర్ సొరుగు లాగి, వెతికి, ఒక తాళంచెవి కౌంటరు మీద పెట్టాడు. ఆమె ముఖం చూడలేదు.

"వెనకాల డ్రైవర్ల బాత్రూముండాది. పగలు ఎవరూ రారు. నీట్‌గా పెట్టుకో. నువ్వొక్కదానివే, వీధినంతా తోలుకోని రావద్దు."

"గ్రేసీ?"

"పొయ్యి పని చూసుకోమను."

తిరుమలమ్మ బయటికొచ్చింది. ఎండ తెల్లగా కళ్ళలోకి గుచ్చుకుంది. లోపలి మాటలన్నీ విన్న రంగనాయకమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. వేకువన అయిదింటికి కూర్చున్న మనిషి, ఇంతవరకూ లేవలేదు. తిరుమలమ్మ తాళంచెవి తెచ్చి ఆమె ఒళ్ళో వేసింది.

"లెయ్యక్కా. ముందు నువ్వు పొయ్యిరా."

"ఆయప్ప నీకొక్కదానికే గదామే ఇచ్చింది?"

"అడిగితే మళ్ళా చెప్తా. ఈ పొద్దుతో నోరు తిరిగిందిలే."

రంగనాయకమ్మ గోడ పట్టుకుని, ఒక్కో మోకాలినీ బుజ్జగించుకుంటూ పైకి లేచింది. తిరుమలమ్మ రెండు గంపల మధ్యకు జరిగి కూర్చుంది.