ముందు కూర్చో అన్న బాబా

పోయిన శుక్రవారం పొద్దున బాబా పోయారు. ఆసుపత్రి నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసేటప్పటికి ఆయన గంజి పొయ్యి మీద ఉంది. పొయ్యి కట్టేశాను గానీ, ఆ గంజి పారబొయ్యడానికి సాయంత్రం దాకా చేతులు రాలేదు.

ఆఫ్రికాలో ఒక దేశానికి ప్రెసిడెంటుగా చేసిన పెద్దమనిషి అని టీవీలో చెప్పారు. అక్కడ జెండాలు కిందికి దించారు. నాకు మాత్రం ఆయన వైద్యం కోసం ఇక్కడ గల్ఫులో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో కూతురింట్లో ఉన్న ముసలాయన. నేను ఆ ఇంట్లో వంటమనిషిని. ఇక్కడ ఇంటి పెద్దాయన్ని బాబా అంటాం.

చేరిన రోజు టీ తెచ్చి నిలబడితే, తనే లేచి ప్లాస్టిక్ కుర్చీ లాగారు. "ముందు కూర్చో."

"వద్దు బాబా, మీరు ప్రెసిడెంటు కదా."

"ఆ కుర్చీ ఎప్పుడో తిరిగిచ్చేశాను. ఇది మా అమ్మాయిది, భయపడకు" అని నవ్వారు.

ఆయనది నిదానమైన ఇంగ్లీషు, నాది వచ్చీరాని హిందీ. ఎలాగో అర్థమయ్యేది. వాళ్ళ దేశంలో తల్లిని బిడ్డ పేరు కలిపి పిలుస్తారట. మా అబ్బాయి సురేష్ ఇక్కడికి దగ్గర్లోనే ముసఫ్ఫాలో ఒక గ్యారేజీలో చేసేవాడు. అందుకని నేను ఆయనకి "మామా సురేష్", అంటే సురేష్ వాళ్ళమ్మని.

రెండేళ్ళ కిందట ఆ గ్యారేజీలో లిఫ్టు గొలుసు తెగి, పైకెత్తిన కారు మీద పడి మా సురేష్ పోయాడు. ఏడుస్తానని అందరూ నా ముందు వాడి పేరెత్తడం మానేశారు. బాబా మానలేదు. పొద్దున్నే అదే పిలుపు, "మామా సురేష్, టీ తాగావా?" మొదట్లో గుండెల్లో పొడిచినట్టుండేది. తర్వాత ఆ పిలుపు కోసమే లేచేదాన్ని.

నెల తిరక్కుండానే గ్యారేజీ ముదీరు, అంటే మేనేజరు, ఒక అరబ్బీ కాగితం పంపాడు. సంతకం పెడితే ఖలాస్, ఇక ఏ గొడవా ఉండదన్నాడు. బాబాని పెన్ను అడిగాను. ఇవ్వలేదు.

"అందులో ఏముంది?"

"తెలీదు బాబా."

ఆ రోజే చెప్పారు. మంత్రి అయిన కొత్తలో ఒక గని కాగితం చదవకుండా సంతకం పెట్టారట. "ఆ గని కోసం ఒక ఊరు ఊరంతా ఖాళీ చేయించారు, మామా. ఇప్పటికీ ఆ ఊరి పేరు పలకలేను." తర్వాత ఆయన ప్రెసిడెంటయ్యాక, యుద్ధం ఆపే కాగితం వచ్చింది. ఆ యుద్ధంలో ఆయన కొడుకూ పోయాడు. సైన్యం పెద్దలు తొందరపెడుతుంటే, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల్ని పిలిపించి ముందు వరసలో కూర్చోబెట్టి, ప్రతి ముక్కా వాళ్ళ భాషలో చదివించారట. "మూడు రోజులు ఆలస్యమైంది. యుద్ధం మళ్ళీ రాలేదు" అన్నారు. "నిలబడ్డవాళ్ళకి సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తారు. కూర్చున్నవాళ్ళకి చదివి చెప్తారు."

మర్నాడు అరబ్బీ కాగితాలు రాసిపెట్టే టైపింగ్ సెంటర్లో పనిచేసే నెల్లూరు భాయ్ దగ్గరికి వెళ్ళి కూర్చుని చదివించుకున్నాను. ఆయన సగంలో ఆగి, "అమ్మా, తప్పంతా పిల్లోడిదే అని రాసుండారు" అన్నాడు.

గొలుసు బాగోలేదని మా వాడు నాకు ఎన్నిసార్లు చెప్పాడో! వాడితో పని చేసినవాళ్ళంతా ఎరుగుదురు. నేను సంతకం పెట్టలేదు. ఈ రెండేళ్ళలో మాటలు మార్చి ఎన్ని కాగితాలు తెచ్చినా పెట్టలేదు. గ్యారేజీకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ బాబా అడిగేది ఒకటే, "కూర్చున్నావా?"

ఆయన్ని విమానంలో వాళ్ళ దేశం తీసుకెళ్ళారు. తెల్లచొక్కా నేనే ఇస్త్రీ చేసి ఇచ్చాను.

నిన్న నెల్లూరు భాయ్‌ని వెంటబెట్టుకుని మళ్ళీ గ్యారేజీ ఆఫీసుకి వెళ్ళాను. ముదీరు కొత్త కాగితం తీశాడు. "యల్లా అమ్మా, తొందరగా ఇక్కడ పెట్టు. నాకు పనుంది."

గోడ పక్కనున్న రెండు కుర్చీలు బల్ల దగ్గరికి లాగాను. ఒకటి నాకు, ఒకటి నెల్లూరు భాయ్‌కి.

"ఎవరనుకుంటున్నావమ్మా నిన్ను నువ్వు, ఇంత పట్టుదల?" అన్నాడు ముదీరు విసుగ్గా.

"మామా సురేష్" అన్నాను.

భాయ్ కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి ముక్క నుంచి తెలుగులో చదవడం మొదలుపెట్టాడు. మేమిద్దరం కూర్చునే ఉన్నాం. ముదీరే నిలబడ్డాడు, మూత తీసిన పెన్ను చేతిలో పట్టుకుని.