ఓబులమ్మ పిడికెడు

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా, ఎరువుల కొట్టు మీది మేడగదిలో ఎడ్విన్ కంప్యూటర్ సెంటర్ పెట్టిన కొత్తలో, అంటే తొంభై ఎనిమిదిలో, ఆ గదికి గుడికున్నంత మర్యాద ఉండేది. చెప్పులు మెట్ల కిందే విడవాలి. తడి చేతులతో కంప్యూటర్ని ముట్టకూడదు. పని అయ్యాక పసిబిడ్డకి కప్పినట్టు దుప్పటి కప్పాలి. ఇన్ని నియమాలు పెట్టిన మహానుభావుడు మధ్యాహ్నం పిల్లలు ఇళ్లకి పోగానే ఏం చేసేవాడయ్యా అంటే, తలుపు ఓరగా వేసి ఆట పెట్టుకునేవాడు.

మద్రాసులో చదివే స్నేహితుడు ఇచ్చిన సీడీ అది. తెర మీద ఒక ఎండిపోయిన దేశం. ఆ చివర కొండ, కొండ మీద కోట. కోటలో ఒక నీటి ఊట ఉంటే, దాన్ని మూసేసి గుమ్మం ముందు ఒక ఇనుప భూతం కాపలా కూర్చుంది. మనం ఒక మనిషిని తయారు చేసుకుని, ఊళ్లన్నీ దాటించి, కొండెక్కించి ఆ ఊటని విడిపించాలి. తమాషా అంతా ఆ తయారీలోనే ఉంది. మొదట్లోనే కొన్ని పాయింట్లు ఇస్తుంది ఆట. బలానికి ఎన్ని, పరుగుకి ఎన్ని, మంత్రానికి ఎన్ని, మాటకి ఎన్ని, చేతిపనికి ఎన్ని అని మనమే పంచాలి. ఎట్లా పంచితే అట్లాంటి మనిషి పుడతాడు. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ మనిషి చచ్చాడా, చచ్చినట్టే. పేరుతో సహా కంప్యూటర్లోంచి తుడిచిపెట్టుకుపోతాడు, మళ్లీ రాడు.

ఎడ్విన్ పాయింట్లన్నీ బలానికే పోసి పెద్ద కత్తి ఇచ్చేవాడు. అతని వీరులు ఊళ్ల మధ్యగా దుమ్ము రేపుకుంటూ పరిగెత్తి, కొండెక్కి, భూతం చేతిలో చచ్చేవాళ్లు. టోకు కిరాణా కొట్టు వాళ్ల అబ్బాయి పెంచలప్రసాద్ అతనికి జతగాడు. వాడిది మంత్రం పిచ్చి. నిప్పులు కురిపించే మంత్రగాణ్ణి తయారు చేశాడు కానీ ఒంట్లో సత్తువకి ఒక్క పాయింటూ మిగల్చలేదు. ఆ మంత్రగాడు మొదటి ఊరి పొలిమేరలో కుక్క కరిచి పోయాడు.

"ఏందిరా ఇది, కుక్కకి పోయినాడు!" అని పెంచలప్రసాద్ ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇద్దరికీ కేరేజీ తెచ్చేది ఎడ్విన్ తల్లి శీనమ్మ. ఉదయగిరిలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి వయసంతా అక్కడే గడిపిన మనిషి. హాస్టల్ ఎత్తేశాక కొడుకు దగ్గరికి వచ్చింది. ఎంత తగ్గించి వండుదామన్నా చెయ్యి హాస్టల్ లెక్కకే పోయేది, అందుకే ఆ కేరేజీ ఎప్పుడూ ముగ్గురికి సరిపోయేది. వీళ్లు తినేదాకా స్టూలు మీద కూర్చుని, గిన్నెలు తీసుకుని పోయేది.

ఒకరోజు ఆమె చూపు తెర మీద ఆగింది.

"అది మన ఉదయగిరి దుర్గం మాదిరి ఉండాదే!"

ఎడ్విన్ నవ్వి కథంతా చెప్పాడు. ఊట అనే మాట దగ్గర ఆమె ఆపింది.

"నీళ్లు మూసేసినారా? మరి కింద ఊళ్లల్లో వాళ్లు?"

కింద ఊళ్ల సంగతి ఎడ్విన్ ఏనాడూ పట్టించుకోలేదు. ఆమెకి మాత్రం అదే పట్టుకుంది, ఎందుకో ఎడ్విన్‌కి తెలుసు. శీనమ్మ పుట్టింది దుత్తలూరు దగ్గర మెట్ట పల్లెలో. ఆమె తల్లి ఓబులమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ, గింజలు కడగబోయే ముందు పిడికెడు తీసి మూలనున్న ముంతలో వేసేది. అది దేవుడి పిడికెడు. ఆదివారం చర్చికి పట్టుకుపోతే, లేనివాళ్ల ఇంటికి చేరేది. మిషను వాళ్ల ఊళ్లల్లో ఆడవాళ్లంతా చేసే పనే అది. కాకపోతే కరువొచ్చి, సజ్జలు గంజికి కూడా చాలని ఏడాది కూడా ఓబులమ్మ చెయ్యి ముంత దగ్గరికి పోవడం మానలేదు. ఆ ఎండాకాలమే బావి ఎండింది, ఊరు ఊరంతా కూలికి డెల్టాకి వలస పోయింది, ఓబులమ్మ జ్వరంతో పోయింది. మొయ్యడానికి నలుగురు మనుషులు దొరక్క బండి మీద తీసుకుపోయారు. వెనక నడిచింది మొగుడూ, పాస్టరుగారూ, చిన్నపిల్ల శీనమ్మా.

"ఎంతమందికి పెట్టిందిరా మా అమ్మ. ఆ పొద్దు ఒక్కరూ లేరు" అని శీనమ్మ అప్పుడప్పుడూ అనేది. ఎవరి మీదా నింద కాదు, వలస పోయినవాళ్లు మాత్రం ఏం చేస్తారు. కానీ ఆ మాట అన్నాక కాసేపు పని చెయ్యలేకపోయేది.

"నన్నూ ఆడనీ అబ్బయా" అంది ఆ రోజు.

ఎడ్విన్ సరదాగా కూర్చోబెట్టాడు. పేరేం పెట్టమంటావని అడిగాడు.

"ఓబులమ్మ."

అతని చేతులు కీల మీద ఆగిపోయాయి. "వద్దు మా. ఇందులో చచ్చిపోతే తుడిచేస్తాది. మళ్లా రాదు."

"నేను చావనిస్తానా!" అంది శీనమ్మ. ఆమె గొంతులో ఎక్కడా ఆట లేదు.

పాయింట్లు పంచడం మాత్రం చూసి తీరాలి. బంతిలో వడ్డించినట్టు పంచింది. బలమా, బిందె మోసేంత చాల్లే. మంత్రమా, ఛీ, మనకెందుకు అయ్యి. మాటకి కాసింత ఎక్కువెయ్యి, పలకరించొద్దూ? మిగిలిందంతా చేతిపనికి. వంట, ఆకూ అలమూ గుర్తుపట్టడం, అంతే. ఆట మొదట్లో ఇచ్చే కత్తిని మొదటి ఊళ్లోనే ఇచ్చేసి ఒక కుండా గరిటా తీసుకుంది. పెంచలప్రసాద్ నెత్తి కొట్టుకున్నాడు.

"పెద్దమ్మా, ఆ భూతాన్ని గరిటెతో కొడతావా?"

"నీ మంత్రగాడు కుక్కని ఏంతో కొట్టినాడు నాయనా?"

ఆ తర్వాత వాడు సలహాలివ్వలేదు.

ఓబులమ్మ నడక మొదలైంది. దారిలో గింజలేరుతుంది, ఆకు కోస్తుంది, పొయ్యి పెడుతుంది. వండే ముందు ప్రతిసారీ పిడికెడు తీసి సంచిలో వేస్తుంది. ఊరు రాగానే ఇల్లిల్లూ తట్టి ఆ సంచి విప్పుతుంది. తోడేళ్లొస్తే చెట్టెక్కడమో, ముద్ద విసిరి తప్పుకోవడమో. ఒకసారి ఓబులమ్మ తినబోతుంటే శీనమ్మ కళ్లు మూసుకుని ప్రార్థనలోకి దిగింది. అప్పుడే పొదల్లోంచి తోడేలు దూకింది. "అమ్మా! తోడేలు!" అని ఎడ్విన్ అరిచినా "ఆమేన్" అనేదాకా ఆమె కళ్లు తెరవలేదు. అతనే మీదపడి కీ నొక్కి ఓబులమ్మని చెట్టెక్కించాడు.

ఆమె పెట్టినప్పుడల్లా తిన్న మనిషి తల మీద ఒక చిన్న పచ్చ ఆకు మొలిచేది, అది అట్లాగే ఉండిపోయేది. అదేమిటో ఎడ్విన్‌కి తెలియదు. అతని ఆటలో ఏనాడూ కనపడలేదు మరి. ఏదో అలంకారంలే అనుకున్నాడు.

కానీ రోజులు గడిచేకొద్దీ అతనికి తన ఆటే కొత్తగా కనపడసాగింది. ఇన్ని నెలలుగా అతను పరిగెత్తిన ఊళ్లే ఇవి. కుమ్మరి ఇంట్లో చూపు లేని ముసలమ్మ ఉందని అతనికి తెలియదు. ఎండిన బావి వెనక గుడిసెలో ఒక సైనికుడు భార్యాబిడ్డలతో దాక్కుని ఉన్నాడని తెలియదు. తలుపు తడితే ఒక్కొక్కరూ ఒక్కో కథ చెప్పారు. ఇంగ్లీషులో పడే ఆ మాటల్ని తల్లికి తెలుగులో చెబుతూ చెబుతూ తనూ ఆ కథల్లో పడిపోయేవాడు. ఇంత పెద్ద లోకాన్ని చేతిలో పెట్టుకుని తను చూసింది ఒక్క గుమ్మం, ఒక్క భూతమేనా అని ఆశ్చర్యం. ఆట చేసినవాడెవడో ఈ గుడిసెలన్నీ కట్టి, ఎవరైనా రాకపోతారా అని ఎదురుచూసినట్టే అనిపించింది అతనికి.

చివరికి దారి కొండ మొదటికి చేరింది. ఎడ్విన్‌కి భయం పట్టుకుంది.

"ఈడితో ఆపేద్దాం మా. ఓబులమ్మ ఈ ఊర్లోనే వండుకుంటా ఉంటాది. పైకి పోయినోళ్లెవురూ బతకలా. నా వీరులే బతకలా."

శీనమ్మ స్టూలు మీంచి లేచింది. గిన్నెలు సర్దుకుని ఇంటికి పోయింది. మర్నాడు మధ్యాహ్నం వచ్చి స్టూలు లాక్కుంది.

"ఆ ఊర్లో ఎసట్లోకి నీళ్లు లేవన్నారు గదరా. అది విని మా అమ్మ ఊరికే కూచోదు."

పెంచలప్రసాద్ కొట్టు వదిలేసి వచ్చాడు. ముగ్గురూ తెర ముందు కూర్చున్నారు. ఓబులమ్మ కుండ నెత్తిన పెట్టుకుని కొండెక్కింది. గుమ్మం ముందు ఇనుప భూతం లేచి నిలబడితే తెర సగం నల్లబడింది. ఓబులమ్మ కుండ దించి దాని ముందు పెట్టింది. భూతం కుండని తన్నేసింది. రెండో దెబ్బ ఓబులమ్మకి తగిలింది. తెర కింద ఆమె ప్రాణం చూపించే ఎర్ర గీత ఒక్కసారిగా గోరంత అయింది.

ఎడ్విన్ చెయ్యి కరెంటు వైరు మీదికి పోయింది. పీకేస్తే ఆట ఆగుతుంది, నిన్న ఆపిన చోట, కింది ఊళ్లోనైనా ఓబులమ్మ మిగులుతుంది.

"తియ్యమాక!" అంది శీనమ్మ. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది, తెర మీంచి చూపు మాత్రం తిప్పలేదు.

అప్పుడు ఆటలోంచి అడుగుల చప్పుడు వినపడింది. కొండ కింద పొదల్లో ఒక పచ్చ ఆకు కదిలింది. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే వాలు మొత్తం పచ్చ ఆకులే పైకెక్కుతున్నాయి. దాక్కున్న సైనికుడొచ్చాడు. భార్యాబిడ్డలొచ్చారు. కుమ్మరి చెయ్యి పట్టుకుని చూపు లేని ముసలమ్మ తడుముకుంటూ వచ్చింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే ఓబులమ్మకీ భూతానికీ మధ్య నిలబడ్డారు. ఎవరి చేతిలోనూ కత్తి లేదు. ఒక్కొక్కరు నిలబడేకొద్దీ భూతం బలం ఒక్కో మెట్టు దిగిపోయింది. ఎత్తిన చెయ్యి మెల్లగా వాలింది. వంగింది, కూలబడింది, కొండరాయిలో రాయిగా కలిసిపోయింది. ఎంతోమంది వీరుల్ని మింగిన ఆ గుమ్మం తనంతట తనే తెరుచుకుంది.

పెంచలప్రసాద్ లేచి నిలబడ్డాడు. లోపల్నుంచి నీళ్ల చప్పుడు వస్తోంది.

"పో మా, లోపలికి పో! ఊట ఆడనే ఉండాది!" అని ఎడ్విన్ తొందరపెట్టాడు.

"ఉండు అబ్బయా" అంది శీనమ్మ. "ఈమెని ఎనక్కి తిప్పేదెట్ట?"

ఎడ్విన్‌కి మొదట అర్థం కాలేదు. ఊరికే ఏ కీ నొక్కాలో చూపించాడు. వంటలో కాయలు కాచిన వేలితో ఆమె దాన్ని జాగ్రత్తగా నొక్కింది. తెర మీద ఓబులమ్మ గుమ్మానికి వీపు పెట్టి నిదానంగా వెనక్కి తిరిగింది. కొండ వాలు పైనుంచి కింద దాకా జనం.

"చూడు మా" అంది శీనమ్మ తెర మీది ఓబులమ్మతో, కళ్లనీళ్లు తుడుచుకోకుండానే. "అందరూ వచ్చినారు."

ఊట సంగతి ఆ ముగ్గురికీ చాలాసేపు గుర్తుకు రాలేదు.