ఫ్లాస్కులో ఐసు

అనకాపల్లి కబేళాలో నేల ఎప్పుడూ నెత్తురుతో తడిగానే ఉండేది. థర్మాస్ ఫ్లాస్కు పట్టుకుని ఆ నెత్తుట్లో నిలబడేదాన్ని. కోసిన ఆడమేకల అండాశయాలు తీసుకుని బస్సులో విశాఖ ల్యాబుకు చేర్చాలి. వాటిలోని అండకణాలు గాజు పళ్లెంలో ఎదుగుతాయో లేదో చూడాలి. అదే నా పీహెచ్‌డీ. మాంసానికి కోసేది ఎక్కువగా మేకపోతుల్నే, ఆడది దొరకడమే గగనం.

ఒంటి వేడి తగ్గకుండా వెచ్చటి నీళ్లలో వేసి తెమ్మన్నాడు మా గైడు. నేను వినలేదు. మాది పూడిమడక. మా అమ్మ గంపలో చేపల మీద ఐసు వేసుకునే అనకాపల్లి బజారుకొచ్చేది. వేడి తగిలితే ఏదైనా కుళ్లుతుందని ఉగ్గుపాలతో నేర్చుకున్నదాన్ని. మే నెల ఎండలో, బస్సులో, వేడినీళ్లలో మాంసమా? పెద్ద చదువులు చదివినాయనకి ఈపాటి తెలీదా అనుకుని, సోడాకొట్టులో ఐసు కొని ఫ్లాస్కులో వేసేదాన్ని. రెండు నెలలు ఒక్క కణమూ బతకలేదు.

ఒకరోజు గైడే మూత తీసి ఐసు చూశాడు. ఫ్లాస్కును నా పక్క గోడకేసి కొట్టాడు. గాజు పెంకు ఎగిరి నా చెయ్యి తెగింది.

"ఇదేమన్నా చేపల మార్కెట్టనుకున్నావా? శుక్రవారానికి బతికిన కణాలు చూపించు. లేదంటే నీ సీటు ఇంకొకరికిస్తాను."

గొంతు పిసికెయ్యాలనిపించింది. తప్పు నాదే కాబట్టి కోపం ఇంకా పెరిగింది.

మర్నాడు చేతికి కట్టుతో, ఇంకో ఫ్లాస్కు పట్టుకుని కబేళాకి వెళ్లాను. వరసగా పోతులే తెగుతున్నాయి. మేకలు కోసే ఆయనది మా నాన్న వయసు.

"ఏటి పాపా, ఏడుత్తన్నావు?"

సీటు పోతుందని చెప్పాను. ఆయన కత్తి కడుక్కుని, "రేపు రా, సూద్దాం" అన్నాడు.

గురువారం ఒక ఆడమేక కట్టేసి ఉంది. నిగనిగలాడే పడుచు మేక. పొట్ట చూస్తేనే నాకు అర్థమవ్వాల్సింది. అర్థమైందేమో కూడా. అది అరుస్తూ తన్నుకుంటుంటే ఇద్దరు అదిమిపట్టారు. గొంతు తెగి నెత్తురు నా పాదాల మీదికి చిమ్మింది. పొట్ట చీల్చగానే రెండు పిల్లలు జారిపడ్డాయి. ఒకటి కాలు కదిపింది.

"సూడిదాన్ని ఎప్పుడూ కొయ్యలేదు పాపా," అన్నాడాయన, నా మొహం చూడకుండా. "నీ సీటు పోతాదన్నావని మా దొడ్లోదాన్ని తోలుకొచ్చేను."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఫ్లాస్కు మూత తీసి పట్టాను. ఈసారి లోపల నీళ్లు వెచ్చగానే ఉన్నాయి.

శుక్రవారం కణాలు బతికే ఉన్నాయి. గైడు మైక్రోస్కోపు నుంచి తలెత్తి నవ్వాడు.

"మేక భలేది దొరికింది. ఇకనుంచి ఇలాంటివాటివే తీసుకురా."

సరేనన్నాను.